ఎవరి కంటితో చూస్తున్నాం? మారణహోమాల తర్వాతి కళ

1994 ఏప్రిల్ 6 రాత్రి రువాండా, బురుండీ దేశాల అధ్యక్షులు ప్రయాణిస్తున్న విమానాన్ని కిగాలీ దగ్గర కూల్చేశారు. మర్నాటి నుంచి దాదాపు వంద రోజుల పాటు హుటూ తెగ తీవ్రవాదులు టుట్సీ తెగవాళ్ళను, వాళ్ళను చంపడానికి ఒప్పుకోని తోటి హుటూలను ఊరూరా వెతికి మరీ చంపారు. మృతులు 8 లక్షలని కొందరు, 10 లక్షలని కొందరు లెక్కగట్టారు. ఐక్యరాజ్యసమితి సైనికులు అప్పటికే ఆ దేశంలో ఉన్నారు. వార్తలూ బయటికి వస్తూనే ఉన్నాయి. అమెరికా వారపత్రిక న్యూస్‌వీక్ మాత్రం రువాండాను అట్ట మీదికి తెచ్చింది ఆగస్టు 1 సంచికలో. అప్పటికి చంపడం అయిపోయింది. ఈలోపు ఆ అట్టకు ఎక్కినవాటిలో అమెరికా ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ హత్య కేసు ఒకటి.

చిలీలో పుట్టిన కళాకారుడు ఆల్‌ఫ్రెడో జార్ ఆ నెలల్లో వచ్చిన 17 అట్టల్ని వరసగా గోడకు పెట్టాడు. ఒక్కో అట్ట కింద, ఆ వారం రువాండాలో ఏం జరిగిందో కొద్ది మాటల్లో రాశాడు. అంతే. శవాలు లేవు, రక్తం లేదు, కత్తులు లేవు. పైన ప్రపంచం చూస్తున్నది, కింద చూడకుండా వదిలేసింది. ఆ వరస వెంట నడిచేకొద్దీ చూపు అట్టల మీద నిలవదు, కింద పెరుగుతున్న మృతుల సంఖ్య మీదికే జారుతుంది.

ఇలాంటి కళ గురించి మాట వచ్చినప్పుడల్లా ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంత ఘోరాన్ని కళగా మలచడం తగునా? నాజీలు యూదుల్ని చంపిన ఔష్విట్జ్ శిబిరం తర్వాత కవిత్వం రాయడం అనాగరికమని జర్మన్ తత్వవేత్త థియొడోర్ అడోర్నో అన్న మాటను అందరూ ఉదహరిస్తారు. 1966లో ఆయనే ఆ మాటను సడలించి, చిత్రహింసలు పడేవాడికి కేక పెట్టే హక్కు ఉన్నట్టే ఆగని బాధకు పలికే హక్కు ఉందన్నాడు. ఆ రెండో మాటకు అంత ప్రచారం రాలేదు. ఏమైనా ఆ ప్రశ్నకు కాలం చెల్లిందనే అనుకుంటాను. కళాకారులు, వాళ్ళలో స్వయంగా ఆ హింసను దాటి వచ్చినవాళ్ళు కూడా, గీస్తూనే ఉన్నారు, కడుతూనే ఉన్నారు. వాటిలో కొన్ని ఎందుకు నిలబడ్డాయి, కొన్ని ఎందుకు బాధితులకే మళ్ళీ గాయమయ్యాయి అని అడిగితే ఏమైనా తెలుస్తుంది. నాకు ఆ తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. ఆ కృతిలో మనం ఎవరి కంటితో చూస్తున్నాం? ఏం చూపించాలన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

ముందు ఒక చిన్న వివరణ. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం ఒక జాతిని, తెగను, మతాన్ని లేదా జాతీయ సమూహాన్ని పూర్తిగానో పాక్షికంగానో తుడిచిపెట్టాలనే ఉద్దేశంతో చేసేదే జెనోసైడ్. ఆ ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చెయ్యాలి. అందుకే చంపినవాళ్ళు శవాల్ని, కాగితాల్ని మాయం చేస్తారు, తర్వాత జరగనే లేదంటారు. ఇక్కడ చెప్పబోయే ఘటనల్లో కొన్ని ఆ చట్టం కిందికి రావు. అర్జెంటీనాలో, కొలంబియాలో, సిరియాలో జరిగినవాటికి వేరే పేర్లున్నాయి. కానీ మాయం చెయ్యడం, కాదనడం అన్నిచోట్లా ఉంది. కళాకారులు తలపడుతున్నది ప్రధానంగా దానితోనే.

మూసిన పెట్టెలు

1994 ఆగస్టులో జార్ స్వయంగా రువాండా వెళ్ళాడు. దాదాపు మూడు వేల ఫొటోలు తీసుకుని తిరిగొచ్చాడు. శవాలు కుళ్ళిపోతున్న చర్చిలు, కిక్కిరిసిన శరణార్థి శిబిరాలు, బతికి ఉన్నవాళ్ళ ముఖాలు. మామూలుగా అయితే అందులో ఘోరమైనవి ఏరి, పెద్దవి చేసి గోడలకు పెట్టాలి. ఆయన ఆ పని చెయ్యలేకపోయాడు. ప్రపంచం అలాంటి ఫొటోలు వందల కొద్దీ చూసింది. చూశాక ఏం చేసింది?

1995లో చికాగోలో పెట్టిన ప్రదర్శనకు 'రియల్ పిక్చర్స్' అని పేరు. గదిలో వెలుతురు తక్కువ. పాత కాగితాలు భద్రపరిచే నల్ల పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి సమాధుల్లా కట్టాడు. ఒక్కో పెట్టెలో ఒక ఫొటో. మూత తెరవడానికి లేదు. లోపలి ఫొటోలో ఏముందో, ఎక్కడ, ఎప్పుడు తీశాడో, అందులో ఉన్న మనిషికి ఏం జరిగిందో మూత మీద అచ్చయి ఉంటుంది. వంగి, ఒక్కో మూతా చదువుకోవాలి. చదివినదాన్ని మనసులో మనమే గీసుకోవాలి. ఫొటో అయితే అరక్షణంలో చూసి పక్కకు తప్పుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు.

రెండేళ్ళ తర్వాత ఇంకోటి చేశాడు. శరణార్థి శిబిరంలో కలిసిన ఒక చిన్న పిల్లవాడు, తల్లిదండ్రుల్ని కళ్ళెదుటే చంపుతుంటే చూసి, నాలుగు వారాల పాటు నోరు విప్పలేదు. చీకటి దారిలో గోడ మీద వెలిగే ఒకే వరస అక్షరాలు ఈ సంగతి చెబుతాయి. దారి చివర కింది నుంచి కాంతి వచ్చే ఒక పెద్ద బల్ల, దాని మీద కుప్పపోసిన పది లక్షల స్లైడ్లు. ఒకటి తీసి భూతద్దం కింద పెడితే రెండు కళ్ళు కనిపిస్తాయి. ఇంకోటి తీసినా అవే కళ్ళు. ఎన్ని తీసినా అవే. ఆ పిల్లవాడు చూసినదాన్ని మనం చూడలేం. చూసినవాడి కళ్ళలోకి మాత్రం చూడగలం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఘోరాన్ని దాచిపెట్టడం దూరదేశాల్లోని ప్రేక్షకుడికి హాయిగానే ఉంటుంది కదా, మర్యాదగా నాలుగు వాక్యాలు చదివి ఇంటికి పోతాడు కదా అని. కొందరి చేతుల్లో నిజంగా అలాగే అవుతుంది: ఒక ఖాళీ గది, మసక వెలుతురు, ఒక గంభీరమైన పేరు. జార్ దగ్గర అలా కాకపోవడానికి కారణం ఆయన బొమ్మను దాచాడు గానీ సంగతిని దాచలేదు. చోటు, తేదీ, మనిషి అన్నీ మూత మీద ఉన్నాయి.

చంపినవాళ్ళ కెమెరా

కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఒకప్పటి స్కూలు భవనాన్ని పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ ప్రభుత్వం ఎస్-21 అనే జైలుగా మార్చింది. 1975 నుంచి 1979 దాకా కనీసం 12 వేల మంది అక్కడికి వెళ్ళి చంపబడ్డారని తర్వాత కోర్టు తేల్చింది. బతికి బయటపడ్డవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లోపలికి తెచ్చిన ఖైదీకి ముందుగా ఫొటో తీసేవారు. ఆ నెగటివ్‌లు వేల సంఖ్యలో మిగిలాయి.

1997లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం వాటిలో 22 ఫొటోలు ప్రదర్శనకు పెట్టింది. కాంతి బాగా పడ్డ, నిలకడగా కెమెరాకేసి చూస్తున్న నలుపు తెలుపు ముఖాలు. పోర్ట్రెయిట్లుగా చూస్తే గొప్ప ఫొటోలే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ మనిషి చూస్తున్నది మనవైపు కాదు, తనను చంపబోతున్న యంత్రాంగంలో ఒకడి వైపు. మనం నిలబడి ఉన్నది ఆ ఫొటోగ్రాఫర్ నిలబడ్డ చోట. చాలా ముఖాలకు పేర్లు లేవు, కుటుంబాల అనుమతి అనే మాటే లేదు. గోడ మీద దీని గురించి వివరంగా చెప్పకపోతే ప్రేక్షకుడు తనకు తెలియకుండానే హంతకుడి కన్ను అరువు తెచ్చుకుంటాడు. ఆ ప్రదర్శన మీద విమర్శ వచ్చింది అందుకే. 2021లో ఇంకా దారుణం జరిగింది. ఒక వ్యక్తి ఈ ఫొటోలకు రంగులద్ది, కొన్ని ముఖాలకు చిరునవ్వులు కూడా అతికించాడు. ఒక ప్రముఖ వెబ్‌సైట్ వాటిని ప్రచురించింది. కంబోడియా ప్రభుత్వం, బాధిత కుటుంబాలు మండిపడ్డాక తీసేసింది.

అదే జైల్లో మరో మనిషి ఉన్నాడు. వాన్ నాథ్ అనే చిత్రకారుడు. 1978లో పట్టుకొచ్చారు. బొమ్మలు వెయ్యడం వచ్చని తెలిసి పోల్ పాట్ చిత్రాలు వెయ్యడానికి ప్రాణాలతో ఉంచారు. తనను హింసిస్తున్నవాళ్ళ నాయకుడి బుగ్గలు నున్నగా వచ్చేలా గీస్తూ ఏడాది బతికాడు. 1979లో బయటపడ్డాక, అదే ప్రాంగణం మ్యూజియంగా మారితే, లోపల తను చూసిందీ తోటి ఖైదీల నుంచి విన్నదీ గీశాడు: వరసగా గొలుసులతో కట్టేసి పడుకోబెట్టిన ఖైదీలు, తలను నీళ్ళతో ఊపిరాడకుండా చేసే బల్ల. శైలి చాలా సాదా, సినిమా బోర్డులు రాసే చెయ్యి అని తెలిసిపోతుంది. 2009లో 'డచ్' అనే మారుపేరున్న జైలు అధికారి మీద విచారణ జరిగినప్పుడు వాన్ నాథ్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. జైలు నడిపినవాళ్ళు ముఖాల ఫొటోలు తీశారు గానీ హింసిస్తున్న గదుల్ని లోకానికి చూపించాలనుకోలేదు. ఆ గదుల్లో ఏం జరిగిందో ఈ రోజు మనకు కళ్ళకు కట్టేది ఎక్కువగా ఆయన చిత్రాల వల్లే. 2011లో చనిపోయాడు. పెద్ద అంతర్జాతీయ మ్యూజియంల కళాచరిత్రలో ఆయనకు దక్కిన చోటు చిన్నదే. అది అన్యాయం.

ఇంకో రకం ఫొటోలు కూడా ఉన్నాయి, బాధితులే ప్రాణాలకు తెగించి తీసినవి. 1944 ఆగస్టులో ఔష్విట్జ్-బిర్కెనావ్‌లో శవాల్ని కాల్చే పని చేయించిన యూదు ఖైదీలు దొంగచాటుగా నాలుగు ఫొటోలు తీసి, టూత్‌పేస్ట్ ట్యూబులో దాచి పోలండ్ ప్రతిఘటన దళాలకు చేరవేశారు. 2014లో జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ వాటిని నాలుగు పెద్ద కాన్వాసుల మీదికి ఎక్కించుకున్నాడు. ఎంత గీసినా మూల ఫొటో ముందు తన పని నిలవదనిపించి, పైన పొరలు పొరలుగా రంగు పూసి లాగేశాడు. ఇప్పుడు కనిపించేది నలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ పొరలే. దీన్ని నిజాయితీ అని మెచ్చుకునేవాళ్ళు చాలామంది. నేను సగమే ఒప్పుకుంటాను. పక్కన ఆ నాలుగు ఫొటోల ప్రతులు, 'బిర్కెనావ్' అనే పేరు లేకపోతే ఈ కాన్వాసులు ఏమీ చెప్పలేవు. బరువంతా మోస్తున్నది ఆ ఖైదీల నాలుగు ఫొటోలే.

లేని మనిషి ఎత్తు

1983 సెప్టెంబర్ 21. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఇంకా సైనిక ప్రభుత్వమే నడుస్తోంది. 1976 నుంచి సైన్యం చేతుల్లో మాయమైపోయినవాళ్ళు 30 వేల మంది అని మానవ హక్కుల సంఘాలు చెబుతున్నాయి. ముగ్గురు కళాకారులు ఒక ఆలోచనతో మాయమైన తమ పిల్లల కోసం పోరాడుతున్న ప్లాజా దె మాయో తల్లుల దగ్గరికి వెళ్ళారు. 30 వేల మంది అంటే ఎంతమందో చూపిద్దాం, మనిషంత ఎత్తు కాగితపు బొమ్మలతో. తల్లులు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. బొమ్మలు గోడలకు నిలువుగానే ఉండాలి, నేల మీద పరచకూడదు. నేల మీద గీత గీస్తే అది శవం అవుతుంది. వాళ్ళు తమ పిల్లల్ని ప్రాణాలతో తిరిగి ఇవ్వమని అడుగుతున్నారు.

ప్లాజా దె మాయో చౌకులో కాగితపు చుట్టలు విప్పారు. దారిన పోయేవాళ్ళు, విద్యార్థులు వచ్చి కాగితం మీద పడుకుంటే పక్కవాళ్ళు చుట్టూ గీత గీశారు. గర్భంతో ఉండగా ఎత్తుకుపోయిన ఆడవాళ్ళ కోసం పొట్ట దగ్గర దిండు పెట్టుకుని పడుకున్నారు. పసిపిల్లల ఆకారాలూ గీశారు. మొదట పేర్లు వద్దనుకున్నారు. జనమే ఒకరొకరుగా వచ్చి తమవాళ్ళ పేర్లు, మాయమైన తేదీలు రాయడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి ఊరి నడిబొడ్డున గోడలన్నీ నిలబడ్డ మనుషులతో నిండిపోయాయి.

ఈ మొత్తం రంగంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన ఘటన ఇదే. మాయమైనవాడి చోట బతికున్న ఒక ఒళ్ళు పడుకుని కొలత ఇచ్చింది. రేపు నీ గతీ ఇదే కావచ్చన్న భయం ఆ గీతలో ఉంది, నీ బదులు నేను పడుకుంటానన్న తెగువా ఉంది. ఎలా చూపించాలన్నది తేల్చింది తల్లులు.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సా విషయంలో కళాకారిణి అయిదా షెహోవిచ్ చేసింది కూడా ఈ కోవలోకే వస్తుంది. 1995 జులైలో ఐక్యరాజ్యసమితి రక్షణ ప్రాంతంగా ప్రకటించిన ఆ ఊళ్ళో బోస్నియా సెర్బు సైన్యం 8 వేలకు పైగా బోస్నియా ముస్లిం పురుషుల్ని, కుర్రాళ్ళను చంపింది. అది జెనోసైడేనని అంతర్జాతీయ న్యాయస్థానాలు తేల్చినా కాదనేవాళ్ళు అక్కడి రాజకీయాల్లో ఇప్పటికీ ఉన్నారు. షెహోవిచ్ 2006 నుంచి ఏటా జులై 11న ఒక్కో ఊళ్ళో, నడివీధిలో చిన్న చిన్న కాఫీ కప్పులు పేర్చేది. వాటిలో కొన్ని చనిపోయినవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవి. అక్కడికక్కడే బోస్నియా కాఫీ కాచి, దారిన పోయేవాళ్ళ చేతే కప్పుల్లో పోయించేది. ఎవరూ తాగరు. కప్పుల సంఖ్య ఏటేటా పెరిగి 2020లో స్రెబ్రెనిత్సా పక్కనే ఉన్న పోటొచారిలో 8,372కు చేరింది. మృతులు కూడా అంతమందే. ఆమె సంచార స్మారకం ప్రయాణం అక్కడితో ముగించింది.

కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో ఇదే దారిలో ఇంకా మౌనంగా నడిచింది. 1985 నవంబర్ 6న బొగొటాలో గెరిల్లాలు సుప్రీంకోర్టు భవనాన్ని ఆక్రమిస్తే, సైన్యం ట్యాంకులతో లోపలికి చొరబడింది. దాదాపు వందమంది చనిపోయారు, కొందరి జాడే దొరకలేదు. 2002లో అదే తేదీన కొత్త కోర్టు భవనం పైనుంచి ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటిగా గోడ మీదుగా కిందికి దిగాయి. 53 గంటల్లో 280 కుర్చీలు. బోర్డు లేదు, ఉపన్యాసం లేదు.

మన దేశంలో కళాకారుడు వివాన్ సుందరం 1993లో చేసిన 'మెమోరియల్' కూడా చెప్పుకోవాలి. బొంబాయి అల్లర్ల రోజుల్లో ఒక పత్రికలో వచ్చిన ఫొటో: వీధిలో ఒంటరిగా పడి ఉన్న ఒక మనిషి శవం, పేరు తెలియదు. సుందరం ఆ ఫొటోను మళ్ళీ మళ్ళీ తీసుకుని, ఒకచోట మేకులతో కప్పి, ఒకచోట గాజుపెట్టెలో పెట్టి, రేకు ట్రంకుపెట్టెలతో ఒక ద్వారం కట్టి, ఆ అనామకుడికి వీధి ఇవ్వని అంత్యక్రియలు గ్యాలరీలో చేశాడు. మర్నాటికి పాతబడే పత్రిక ఫొటోను పట్టుకుని ఆపడం అది.

చెవి చెప్పిన సాక్ష్యం

గత పదిహేనేళ్ళలో ఈ కళ ఒక కొత్త మలుపు తిరిగింది. స్మరించడంతో ఆగకుండా రుజువు చెయ్యడం. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్‌లో ఆర్కిటెక్ట్ ఎయాల్ వైజ్‌మన్ 2010లో మొదలుపెట్టిన ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ బృందంలో ఆర్కిటెక్టులు, ప్రోగ్రామర్లు, లాయర్లు, ఫిల్మ్ తీసేవాళ్ళు కలిసి పనిచేస్తారు. వీళ్ళ పని కోర్టులకూ వెళ్తుంది, గ్యాలరీలకూ వెళ్తుంది. 2018లో బ్రిటన్ కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ తుది జాబితాలో కూడా ఉన్నారు.

వీళ్ళు 2016లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీతో కలిసి చేసిన ఒక పని చూస్తే పద్ధతి అర్థమవుతుంది. సిరియా రాజధాని డమాస్కస్ దగ్గర సైద్నాయా అనే సైనిక జైలు. లోపలి ఫొటోలు లేవు, పరిశీలకుల్ని రానివ్వరు. బయటపడ్డ ఖైదీలు కూడా అక్కడేముందో చూడలేదు, కళ్ళకు గంతలు కట్టి తిప్పేవారు, గదుల్లో చీకటి. మాట్లాడితే చావుదెబ్బలు. వాళ్ళకు మిగిలింది చెవి ఒక్కటే. కళాకారుడు లారెన్స్ అబూ హమ్దాన్ ఇస్తాంబుల్‌లో వాళ్ళను కూర్చోబెట్టి శబ్దాలు వినిపిస్తూ అడిగాడు: తలుపు చప్పుడు ఇలా ఉండేదా, ఇంకా బరువుగానా? ప్రతిధ్వని ఇంతసేపు ఉండేదా? ఆ జవాబులతో గదుల కొలతలు, వరండాల పొడవు, మెట్ల అమరిక కట్టుకుంటూ పోయారు. కంటికి కనిపించని జైలు నమూనా అలా తయారైంది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది గుసగుస పరీక్ష. తోటి ఖైదీతో ఎంత నెమ్మదిగా మాట్లాడేవారో అంత శబ్దస్థాయిని ఒక్కొక్కరి చేత గుర్తుపట్టించాడు. 2011 తిరుగుబాటుకు ముందు జైల్లో ఉన్నవాళ్ళు చెప్పిన స్థాయికీ, తర్వాత ఉన్నవాళ్ళు చెప్పిన స్థాయికీ మధ్య 19 డెసిబెల్స్ తేడా వచ్చింది. గొంతు అంత పడిపోయిందంటే లోపల భయం ఎంత పెరిగి ఉండాలి! ఆ జైలు హింసించే చోటు నుంచి చంపే చోటుగా మారిందనడానికి ఆ 19 డెసిబెల్స్‌ని ఆధారంగా చూపించాడు. 2011 నుంచి 2015 దాకా అక్కడ 13 వేల మంది దాకా ఉరితీసి ఉండొచ్చని ఆమ్నెస్టీ 2017లో ప్రకటించింది. 2024 డిసెంబర్‌లో సిరియా అధ్యక్షుడు అసద్ పారిపోయాక ఆ తలుపులు తెరుచుకున్నాయి.

ఇందులో ఒక ఇబ్బంది లేకపోలేదు. గ్యాలరీలో పెట్టిన సాక్ష్యాన్ని 'అది కళేగా' అని పక్కకు నెట్టెయ్యడం నిందితులకు తేలిక. మరోవైపు, ఏ కోర్టూ తీసుకోని సాక్ష్యానికి కనీసం ఒక గోడ దొరుకుతుంది. రెండూ నిజమే.

కోర్టు తీసుకున్నా నిలబడుతుందన్న నమ్మకం లేదు. గ్వాటెమాలా మాజీ సైనిక పాలకుడు ఎఫ్రెయిన్ రియోస్ మోంట్‌ను 2013 మే 10న అక్కడి కోర్టు జెనోసైడ్ నేరం కింద దోషిగా తేల్చి 80 ఏళ్ళ శిక్ష వేసింది. 1,771 మంది ఇషీల్ మాయా ఆదివాసీల హత్యల కేసు అది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పు కొట్టేసింది. ఆ ఏడాదే గ్వాటెమాలా కళాకారిణి రెహీనా హోసే గలిందో ఒక ప్రదర్శన ఇచ్చింది. బల్ల ముందు కూర్చుని బాధితుల వాంగ్మూలాలు పైకి చదువుతూ ఉంటుంది. ఒక డెంటిస్ట్ మధ్యమధ్య వచ్చి ఆమె చిగుళ్ళకు మత్తు ఇంజక్షన్ ఇస్తూ ఉంటాడు. నాలుక మొద్దుబారుతుంది, మాట ముద్దముద్దగా అవుతుంది, నోరు తిరగదు. ఆమె చదవడం ఆపదు. గంటకు పైగా అంతే. తీర్పును కొట్టేసినంత మాత్రాన వాంగ్మూలాలు కొట్టుకుపోవని ఇంతకన్నా సూటిగా ఎలా చెప్పగలరో నాకు తెలియదు.

ఎవరిని అడిగి కట్టారు?

మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా ఎలా బెడిసికొడుతుందో చూడాలంటే అమెరికాలో మినెసొటా రాష్ట్రంలోని మినియాపోలిస్ వెళ్ళాలి. అక్కడి వాకర్ ఆర్ట్ సెంటర్ 2017లో తన శిల్పాల తోటను కొత్తగా తెరవబోతోంది. అందులో కొత్తగా పెట్టిన వాటిలో శామ్ డ్యూరాంట్ అనే అమెరికన్ కళాకారుడు చెక్కతో, ఉక్కుతో చేసిన రెండంతస్తుల కట్టడం 'స్కాఫోల్డ్' ఒకటి. అమెరికా ప్రభుత్వానికి సంబంధమున్న ఏడు ఉరికంబాల నమూనాలు కలిపి కట్టినది. మెట్లెక్కి పైన నిలబడొచ్చు. 2012లో జర్మనీలో పెట్టినప్పుడు ఏ గొడవా రాలేదు.

ఆ ఏడింటిలో ఒకటి మన్‌కాటో ఉరికంబం. 1862 డిసెంబర్ 26న అక్కడ డకోటా అనే ఆదివాసీ జాతికి చెందిన 38 మంది పురుషుల్ని ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకేరోజు అంతమందిని ఉరితీసింది ఇంకెప్పుడూ లేదు. ఆ తర్వాత డకోటా ప్రజల్ని మినెసొటా నుంచే వెళ్ళగొట్టారు. మన్‌కాటో అదే రాష్ట్రంలో ఉంది. వాకర్ తోట ఉన్నదే డకోటాల నేల మీద. పిల్లలు ఎక్కి ఆడుకునేలా, ఎండలో ఫొటోలు దిగేలా తమ తాతముత్తాతల ఉరికంబం లేస్తుంటే డకోటాలు కంచె బయట నిలబడ్డారు. ఆ చరిత్ర మీ కథ కాదు అన్నారు.

డ్యూరాంట్ తను తెల్లవాళ్ళను ఉద్దేశించి చేశానని, తనలాంటివాళ్ళు నేర్చుకోవడానికే అని చెప్పాడు. అది అబద్ధమని నేననుకోను. కానీ అందులోనే తప్పు కూడా ఉంది. చూసేవాళ్ళుగా ఊహించుకున్నది తెల్లవాళ్ళను మాత్రమే. అటువైపు నుంచి వచ్చే డకోటా పిల్లకు ఆ కట్టడం ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. మే నెలాఖరున డకోటా పెద్దలతో, మ్యూజియంతో, కళాకారుడితో ఒక సమావేశం జరిగింది. కట్టడాన్ని విప్పెయ్యాలని, చెక్కను డకోటాలకు అప్పగించాలని తీర్మానించారు. డ్యూరాంట్ ఆ కృతి మీద తన హక్కులన్నీ వాళ్ళకు రాసిచ్చాడు. ముందు కాల్చేద్దామనుకున్నారు, తర్వాత పెద్దలు ఆలోచించి పాతిపెట్టాలని నిర్ణయించారు.

ఇది సెన్సార్‌షిప్ అని కొందరు కళారంగంవాళ్ళు గగ్గోలు పెట్టారు. నేను అలా చూడను. ప్రభుత్వం బెదిరించి తీయించలేదు, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తీశారు. ఆ మాట్లాడుకోవడం కట్టకముందు జరగకపోవడమే అసలు లోపం. డకోటాలు గుర్తుచేసుకోవడం లేదా అంటే, 2005 నుంచి చాలా ఏళ్ళ పాటు డిసెంబర్ చలిలో సౌత్ డకోటా నుంచి గుర్రాల మీద వందల మైళ్ళు ప్రయాణం చేసి సరిగ్గా 26న మన్‌కాటో చేరేవారు. ఆ సంగతి ఒక్క ఫోన్‌కాల్‌తో తెలిసేది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2016లో చైనా కళాకారుడు ఆయ్ వేయ్‌వేయ్ గ్రీస్ ద్వీపం లెస్బోస్ తీరంలో, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడి శవంలా బోర్లా పడుకుని ఒక భారతీయ వారపత్రిక కోసం ఫొటో దిగాడు. శరణార్థుల కోసం ఆయన చేసిన పని నిజమైనదే, చాలా పెద్దదే. కానీ ఆ ఫొటోలో మనకు కనిపించేది ఆయ్ వేయ్‌వేయ్. కాగితపు బొమ్మల రోజున బ్యూనస్ ఎయిర్స్‌లో పడుకున్నవాళ్ళూ ఒకరి చోట పడుకున్నవాళ్ళే, అయితే వాళ్ళ ముఖాలు ఎవరికీ కనపడలేదు.

నిర్ణయం ఎవరి చేతిలో అన్న ప్రశ్న మ్యూజియం డబ్బు దాకా పోతుంది. 2018లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం బోర్డు ఉపాధ్యక్షుడు వారెన్ కాండర్స్ కంపెనీ అమ్మిన బాష్పవాయువు గుళికలు అమెరికా సరిహద్దులో వలసదారుల మీద వాడారని బయటపడింది. రెండేళ్ళకోసారి జరిగే ప్రదర్శన బియెనాలెను అదే మ్యూజియం 2019లో పెట్టినప్పుడు అందులో ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ ఆ గుళికల మీదే వీడియో పెట్టింది. కొందరు కళాకారులు తమ పనుల్ని వెనక్కి తీసుకుంటామన్నారు. జులైలో కాండర్స్ రాజీనామా చేశాడు. మానవ హక్కుల మీద ప్రదర్శన పెట్టే సంస్థ ఎవరి డబ్బుతో నడుస్తోందని ఇప్పుడు కళాకారులు మొదటిరోజే అడుగుతున్నారు. అడగాలి కూడా.

వాకర్ తోటలో ఏమైందో చెప్పి ఆపుతాను. ఆ మ్యూజియం తర్వాత ఒక కొత్త కృతి కోసం ఆదివాసీ కళాకారుల్ని ఆహ్వానించింది. ఎంపిక చేసిన కమిటీలో ఆదివాసీ క్యూరేటర్లతో పాటు డకోటా సమాజం వాళ్ళు కూర్చున్నారు. డకోటా కళాకారిణి ఏంజెలా టూ స్టార్స్‌ను ఎంచుకున్నారు. ఆమె ఉరికంబం కట్టలేదు. జనం కూర్చోవడానికి వలయాలుగా అమర్చిన అరుగులు, వాటి మీద డకోటా మాటలు, డకోటా మాట్లాడేవాళ్ళ గొంతుల రికార్డింగులు. తుడిచిపెట్టాలని చూసిన భాషను అక్కడికి వచ్చినవాళ్ళు వినాలి, వీలైతే పలకాలి అన్నది ఆమె ఎంచుకున్న పని. 2021లో తెరిచారు. కట్టడాన్ని విప్పిన రోజు నుంచి నాలుగేళ్ళకు పైనే పట్టింది. అన్నేళ్ళు ఆగడానికి, కూర్చుని వినడానికి సిద్ధపడే మ్యూజియంలు ఇంకా తక్కువే.